చీకట్లో విచ్చుకునే ఆకు

మా ఇంటి ముందర ఒక తూంగుమూంజి చెట్టు ఉంది. తమిళంలో ఆ మాటకు నిద్రమొగంది అని అర్థం. ఆంధ్రాలో దాన్ని నిద్రగన్నేరు అంటారని తర్వాత చదివి తెలుసుకున్నాను. సాయంత్రం కాగానే దాని ఆకులు జతలు జతలుగా దగ్గరికి వచ్చి, ముడుచుకొని, వాలిపోతాయి. పొద్దున మళ్ళీ విచ్చుకుంటాయి. మా ఊరు రాజపాళయానికి పడమట కొండ ఉంది కాబట్టి మాకు పొద్దు కొంచెం ముందే పోతుంది. కొండ నీడ వీధిలోకి రాగానే చెట్టు ముడవడం మొదలుపెడుతుంది. మా అత్త ఆ చెట్టును చూసి దీపం పెట్టేది. గడియారం చూసేది కాదు.

ఆ చెట్టుకు ఎదురు గదిలో నా భర్త పదకొండు నెలలు పడుకొని ఉండి పోయినాడు. ఆ పదకొండు నెలలూ ఇంట్లో ఉన్నది ఒకటే ప్రశ్న. ఆయన లోపల ఉన్నాడా, లేడా. ఉన్నాడని మా అత్త నమ్మింది. లేడని నాకు తెలుసు. తెలిసి కూడా నేను చేసిన పని ఒకటి ఉంది. దాన్ని చెప్పాలంటే ముందు ఆకు సంగతి చెప్పాలి.

నేను ఇక్కడే ఒక కాలేజీలో బోటనీ ల్యాబ్ అసిస్టెంటుగా పని చేసినాను. మా మేడం డాక్టరేటు కోసం ఆకుల కదలిక మీద పని చేస్తూ ఉండేది. దానికి తూంగుమూంజి చెట్టే కావాలి, అది మా వీధిలోనే ఉంది. అందుకని కొమ్మలు తెచ్చే పని నాదయింది. ఆకు కాడ మొదట్లో కొంచెం ఉబ్బిన చోటు ఉంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. దాని పేరు నాకు ఇంగ్లీషులోనే తెలుసు. కీలు అనుకుంటే సరిపోతుంది. తలుపుకు కీలు ఎట్లాగో ఆకుకు అది అట్లాగ. కాకపోతే ఈ కీలును తిప్పేది నీళ్ళు. ఒక వైపు కణాలు నీళ్ళు తాగి ఉబ్బి, ఎదురు వైపువి నీళ్ళు వదిలి చప్పబడితే ఆకు విచ్చుకుంటుంది. తిరగబడితే ముడుచుకుంటుంది.

నీళ్ళకు ఆ పని చెప్పేది ఎవరని నేను మేడంను అడిగినాను. వెలుతురు అన్నది. వెలుతురు వచ్చి కణంలో ఉన్న ఒక ప్రోటీన్‌కు తగులుతుంది. అది తన ఆకారం మార్చుకుంటుంది. అది మారినట్టు పక్కదానికి తెలుస్తుంది, దాన్నుంచి ఇంకొకదానికి. కాల్షియం కూడా ఆ కబురు మోస్తుందని, ఎక్కడ ఎంత అనేది ఇంకా పూర్తిగా తేలలేదని చెప్పేది. చివరికి కణం పొరలో ఉన్న పంపులు ఆసిడ్‌ను బయటికి తోస్తాయి. అప్పుడు పొటాషియం లోపలికి వస్తుంది. ఉప్పు ఉన్న చోటికి నీళ్ళు పోతాయి, కణం ఉబ్బుతుంది. ఎదురు వైపు ఇదే తలకిందులుగా జరుగుతుంది. ఇంతే. ఇందులో లేచేవాళ్ళు ఎవరూ లేరు, నిద్రపోయేవాళ్ళూ లేరు.

నేను మరచిపోలేనిది ఇంకొకటి. మేడం ఆకును తీసేసి, కొమ్మను తీసేసి, ఆ కీలును మాత్రం చిన్న ముక్కగా కోసి చక్కెర నీళ్ళలో పెట్టేది. పెట్టెలో పెట్టి మూసి, గది కూడా చీకటి చేసేది. చూడాలంటే టార్చికి ఆకుపచ్చ కాగితం చుట్టుకొని చూడాలి. ఆ పచ్చ వెలుతురు తగిలినా కీలు పట్టించుకోదు. మరుసటి పొద్దున నేను పోయి చూసినప్పుడు వంగి ఉన్న ముక్కలన్నీ తిన్నగా అయి ఉన్నాయి. బయట తెల్లవారింది. లోపల చీకటే. వెలుతురు ఏమీ తగలకుండా, పక్కన చెట్టు లేకుండా, ఆ ముక్కలు తెల్లవారిన సంగతి తెలిసినట్టే విచ్చుకున్నాయి. నాకు భయం వేసింది. మేడం నోటుబుక్కులో రాసుకుంటూ, దానికి చెట్టు అక్కర్లేదు, కణంలోనే గడియారం ఉంది, వెలుతురు రోజూ దాన్ని సరిచేస్తుంది అంతే అని చెప్పింది. రెండు మూడు రోజులు అట్లాగే ఆడుతుందని, తర్వాత వేళ తప్పుతుందని, చివరికి సగం వంగి ఆగిపోతుందని కూడా చెప్పింది. అట్లాగే ఆగిపోయింది.

మా అత్త మా నాయనకు చెల్లెలు. పుట్టింది చోళపురంలో, వ్యవసాయం చేసే ఇంట్లో. దీపం పెట్టినంక ఆకు కోయకూడదనేది ఆమె పట్టు. తులసి, వేప, కరివేపాకు, ఏదైనా సరే. చెట్టు నిదురపోతూ ఉంటుంది, దాన్ని లేపితే దాని ఉసురు తగులుతుంది అనేది. పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం నేను పెరట్లో కరివేపాకు రెమ్మ మీద చెయ్యి వేసినాను. ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. నేను నవ్వి, అది నిద్ర కాదత్తా అని పొటాషియం గురించి అంతా చెప్పినాను.

"చెట్టుకు ఉసురు లేదని చెప్పేదానికా మీ కాలేజీలో నీకు జీతం ఇచ్చేది?" అనింది.

ఉసురు లేదని నేను అనలేదు. అది తెలివి కాదు అన్నాను. మాట పెరిగింది. మిల్లునుంచి అప్పుడే వచ్చిన ఆయన గడపలో చెప్పులు విప్పుతూ అంతా విన్నాడు. "ఇద్దరూ ఒకేసారి ఉబ్బొద్దండి. ఒక పక్క ఉబ్బితే ఇంకో పక్క తగ్గాల. లేకుంటే ఆకు విరిగిపోతాది," అన్నాడు. నేను చెప్పింది సరిగ్గా అర్థం చేసుకున్నది ఆ ఇంట్లో ఆయన ఒక్కడే. ఆ రాత్రి చారులో కరివేపాకు లేదు. తర్వాత ఎప్పుడూ నేను ఆ వేళలో కోయలేదు. అది నమ్మకం వల్ల కాదు, ఆయన కోసం.

ఆయన స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. మాకు పిల్లలు లేరు. పోయిన ఏడాదికి ముందు ఏడు ఒక పగటి షిఫ్టులో మెషిను పక్కనే పడిపోయినాడు. గుండె ఆగింది. తోటివాళ్ళు ఆటోలో వేసుకొని పోయి, డాక్టర్లు మళ్ళీ ఆడించేసరికి చాలాసేపు అయింది. మదురైలో నెలన్నర ఉంచినారు. గుండె బాగానే ఆడింది. ఊపిరి తానే తీసుకున్నాడు. మనిషి మాత్రం పలకలేదు.

పంపించే రోజు అక్కడి డాక్టరు నన్ను, అత్తను కూర్చోబెట్టి తమిళంలో నిదానంగా చెప్పినాడు. మెదడు పైభాగం పోయిందని, ఊపిరినీ కనురెప్పనూ చూసుకునే కిందిభాగం మిగిలిందని. ఇంటికి పోయినంక కళ్ళు తెరుస్తాడు, మూస్తాడు, దాన్ని చూసి ఆశ పెట్టుకోవద్దండి అన్నాడు. టార్చి వేస్తే కంటిపాప చిన్నదవుతుంది కానీ చూసేవాడు లేడు అన్నాడు. అత్త తల ఊపింది. వ్యానులో వచ్చేటప్పుడు, చిన్న పిల్లోడు, వాడికేం తెలుసు అనింది. ఆ డాక్టరుకు తల నెరిసి ఉంది.

ఆయన్ను వీధివైపు గదిలో పడుకోబెట్టినాము. ముక్కులో ట్యూబు. దాంట్లో గంజి, పాలు, పప్పునీళ్ళు. గాలి పరుపు అద్దెకు తెచ్చినాము. నర్సు ఒకామె వారానికి ఒకసారి వచ్చేది. రెండు గంటలకు ఒకసారి పక్క తిప్పాలని, పగలైనా రాత్రైనా తప్పకూడదని ఆమె మాకు నేర్పించింది. ఒకరు భుజం, ఒకరు నడుము పట్టుకోవాలి. నేను ఉద్యోగం వదిలేసినాను. రాత్రుల్లో సెల్‌ఫోనులో అలారం పెట్టుకొని లేచి, అత్తను లేపి, ఇద్దరమూ తిప్పేవాళ్ళం.

ఇంటికి తెచ్చిన రెండో వారం ఆయన కళ్ళు తెరిచినాడు. పొద్దున అత్త కిటికీ తీసింది, చెట్టు మీది ఎండ మంచం మీద పడింది, రెప్పలు లేచినాయి. ఆమె కేక పెట్టలేదు. నా దగ్గరికి వంటింట్లోకి వచ్చి, లేచినాడు, కాఫీ కలుపు అని మాత్రం చెప్పింది. ఆ కాఫీ చల్లారిపోయింది. సాయంత్రం కొండ నీడ పడే వేళకు రెప్పలు వాలినాయి. మరుసటి రోజూ అంతే. అప్పటినుంచి ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. వేళకు లేస్తాడు, వేళకు పడుకుంటాడు, చిన్నప్పుడు ఇంత బుద్ధిగా ఉండలేదు అని. వచ్చినవాళ్ళు పాపం అన్నట్టు నన్ను చూసేవాళ్ళు.

మూడు నెలలు నేను ఏమీ అనలేదు. ఒక రోజు ఆమె తాయెత్తు కట్టించేదానికి మంసాపురం పోయి, ఎండలో నడిచి, కాళ్ళు వాచి వచ్చింది. ఆ వాపు చూసి నాకు కోపం వచ్చింది. అప్పుడు చెప్పినాను. వెలుతురు కంటికి తగులుతుంది, కబురు లోపలికి పోతుంది, రెప్ప లేస్తుంది. మధ్యలో ఆయన లేడు. ఎదురుగా ఉన్న చెట్టు ఎట్లాగో అట్లాగే. నువ్వు కిటికీ తీస్తున్నావు కాబట్టి తెరుస్తున్నాడు.

ఆమె వాచిన కాళ్ళు చాపుకున్నది. చెట్టు వైపు చూస్తూ కూర్చున్నది. తర్వాత నా వైపు తిరిగింది.

"వెలిచ్చం తగిలి తెరుచుకుంటాది అంటివి. సరి. రేపు తగలకుండా చేస్తాను. అప్పుడూ తెరిస్తే ఏం చెప్తావు?"

చదువు లేని మనిషి ఆమె. మా మేడం చేసిన పనే చేస్తాను అంటున్నది. నా దగ్గర జవాబు ఉంది. ఆకు కూడా చీకట్లో తెరుచుకుంటుంది అత్తా అని అప్పుడే అనవలసింది. అయితే చెయ్యి, చూద్దాం అన్నాను.

ఆ సాయంత్రం ఆమె తనే కిటికీ తలుపులు మూసి, కింద పరుచుకునే మందపాటి జముక్కాళాన్ని వాటి మీద మేకులు కొట్టి వేలాడదీసింది. తలుపు కింది సందులో పాత చీర కుక్కింది. గాలి పరుపు మోటారు మీద ఎర్రగా వెలిగే చిన్న దీపానికి ప్లాస్టరు అంటించింది. నాకు కూడా అది తోచలేదు. ఆ పక్కనే చాప వేసుకొని పడుకున్నది. ఆ రాత్రి లైటు వెయ్యకుండా తడుముకుంటూనే ఆయన్ను తిప్పినాము.

తెల్లవారి నేను టార్చి తీసుకొని పోయినాను. దానికి పచ్చ కాగితం చుట్టినాను. ఎందుకు చుట్టినానో చెప్పలేను, చేతికి అలవాటు. అత్త లేచి కూర్చొని ఉంది. ఆమె మొగం నాకు కనపడలేదు. టార్చి ఆయన మొగం మీదికి తిప్పినాను.

కళ్ళు తెరిచి ఉన్నాయి.

"చూసినావా," అనింది అత్త, మెల్లగా. గెలిచినట్టు అనలేదు.

మిల్లు సంగు ఊదింది కదా, ఆ కూతకు తెరిచి ఉంటాడు అన్నాను.

"అట్లయితే చెవి వినపడతాది గదమ్మా. అదీ మంచిదే."

అక్కడ నేను చెప్పి ఉండాల్సింది. పెట్టెలో ముక్క సంగతి, దానికి చెట్టు అక్కర్లేదన్న సంగతి. చెప్పలేదు. అవునత్తా అన్నాను. ఎందుకన్నానో పదే పదే ఆలోచించినాను. ఆమె మీద జాలి ఒకటి. దాన్ని చెప్పుకోవడం సులభం. ఇంకొకటి, ఆ పచ్చ వెలుతురులో ఆ కళ్ళను చూసినప్పుడు నాకు కూడా ఆయన ఉన్నాడనిపించింది. ఒక పొద్దంతా అనిపించింది. ఆ రోజు నేను ఆయన తల దువ్వి, గడ్డం గీసి, మిల్లు గురించి ఏవో చెప్పినాను. ఆయన లేడని మధ్యాహ్నానికే నాకు తెలుసు. అయినా సాయంత్రం దాకా మాట్లాడినాను.

ఆ రోజునుంచి ఇంట్లో మాట అత్తదే. దీపం పెట్టినంక ఆయన్ను ముట్టకూడదని చెప్పింది. నిదురపోయేవాణ్ణి రెండు గంటలకు ఒకసారి కుదిపితే తెలివి ఎట్లా వస్తాది అని అడిగింది. చెట్టుకే చెయ్యని పని బిడ్డకు చేస్తామా అనింది. నేను పుండ్లు పడతాయన్నాను. నర్సు చెప్పింది గుర్తు చేసినాను. ఆమె ఒక్క మాట అడిగింది.

"లేస్తాడు, పడుకుంటాడు అని నువ్వూ ఒప్పుకుంటివి గదా?"

ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే ముందు రోజు అబద్ధం ఆడినట్టు. మొదట ఒక్కసారి తిప్పడం మానినాము. పొద్దున చూస్తే ఏమీ కాలేదు. తర్వాత రెండుసార్లు. తర్వాత మూడు వారాలు దీపం పెట్టింది మొదలు తెల్లవారే దాకా తిప్పలేదు. ఇది అత్త నమ్మకం వల్ల జరిగిందని రాస్తే సగమే నిజం. నాలుగు నెలలుగా నేను రెండు గంటలకు మించి నిద్రపోలేదు. అలారం తీసేసినాను. ఆ మూడు వారాలు నేను బాగా నిద్రపోయినాను.

నర్సు ఆ మూడు వారాలు రాలేదు, వాళ్ళ ఇంట్లో పెళ్ళి. వచ్చిన రోజు ఆయన్ను పక్కకు తిప్పి, నడుము కింద చూసి, నన్ను పిలిచింది. పైకి చిన్న నల్ల మచ్చ. ఒత్తితే లోపల మెత్తగా ఉంది. పైన ఎంత కనపడితే లోపల దానికి ఎన్నో రెట్లు ఉంటుందని చెప్పింది. పగలు నేను రోజూ తుడుస్తున్నాను. ఎర్రగా ఉందని చూసినాను. పరుపు గుర్తు అనుకున్నాను.

ఆ తర్వాత మళ్ళీ అలారం పెట్టినాము. అత్త నేను పిలిచేలోపలే లేచి నిలబడేది. పుండు మానలేదు. ఎముక కనపడింది. బ్యాండేజి గుడ్డకు మా ఊరికి పేరు. పక్క వీధిలో మగ్గం మీద నేసేది మదురై ఆస్పత్రులకు పోతుంది. అది కట్టలు కట్టలుగా ఇంట్లో అయిపోతూ వచ్చింది. ఒకసారి జ్వరం తగ్గింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ తగ్గింది. ఆఖరి నెలలో ఆయన కళ్ళకు వేళ తప్పింది. కిటికీ తీసినా తెరవలేదు. చీకట్లో తెరిచేవాడు. చివరి వారం పగలూ రాత్రీ సగం తెరిచి ఉన్నాయి. అత్త వాటి మీద తడిగుడ్డ వేసేది. సగం వంగి ఆగిపోయిన ముక్కలు నాకు గుర్తుకు వచ్చినాయి. గుర్తుకు రాకుండా ఉంటే బాగుండేది.

రక్తంలో విషం చేరిందని చెప్పినారు. ఇక్కడి ఆస్పత్రిలో రెండు రోజులు ఉన్నాడు. ఇది కాకపోతే ఇంకొకటి వచ్చి ఉండేది, మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దండి అని అక్కడి డాక్టరు చెప్పినాడు. నిజమే అయి ఉంటుంది. ఆయన ఎప్పుడో పోయినాడని నేనే అందరికంటే ముందు అన్నాను. అట్లయితే నేను చేసిన దాంట్లో తప్పేముంది అని ఒకరోజు అనుకున్నాను. రెండో రోజు ఆ మాట నిలవలేదు. ఆ ఒంటికి నొప్పి లేదని చెప్పినారు. దాన్ని తెలుసుకునే దారి ఎవరి దగ్గరా లేదు.

పదహారో రోజు కర్మ అయినంక చుట్టాలు వెళ్ళిపోయినారు. అత్త, నేను వీధి గదిలో కూర్చున్నాము. మంచం తీసేసినాము. కిటికీ మీద జముక్కాళం మేకులు ఇంకా ఉన్నాయి. బయట చెట్టు ముడుచుకుంటూ ఉంది. ఆమె దాన్నే చూస్తూ అడిగింది.

"ఆ చెట్టును చీకట్లో పెడితే, పొద్దున ఆకు విప్పుతాదా?"

ఇన్ని నెలలు ఆమె ఆ ప్రశ్న దగ్గరికి నడుస్తూ వచ్చిందని అప్పుడు అర్థమయింది. విప్పుతుంది అత్తా, రెండు మూడు రోజులు విప్పుతుంది అన్నాను.

"కోసి పెట్టినా?"

"కోసి పెట్టినా."

"కిటికీ మూసిన పొద్దే తెలుసా నీకు?"

"తెలుసు."

ఆమె తిట్టి ఉంటే నేను ఏదైనా చెప్పి ఉందును. అడిగి ఉంటే ఆ మూడు వారాలు నేను హాయిగా నిద్రపోయిన సంగతి కూడా చెప్పి ఉందును. చివరికి ఆమె దీపం పెట్టేదానికి లేచింది. ఆ రోజు వేళ దాటిపోయింది. చెట్టు ఎప్పుడో ముడుచుకుంది.

మరుసటి సాయంత్రం నేను పొయ్యి మీద చారు పెట్టినాను. తాలింపుకు చూస్తే కరివేపాకు లేదు. లేకుండానే దించేద్దామనుకున్నాను. ఇంట్లో దీపం వెలుగుతూ ఉంది. పెరటి తలుపు చప్పుడయింది. పోయి చూస్తే అత్త కరివేప చెట్టు దగ్గర నిలబడి ఉంది. చీకటి పడింది. రెమ్మ వంచి పట్టుకున్నది.

"వద్దత్తా, పొద్దుపోయింది. రేపు కోసుకుందాం," అన్నాను. ఆ మాట నా నోట్లోనుంచి వచ్చింది.

ఆమె రెమ్మ విరిచింది. నా పక్కనుంచి లోపలికి పోతూ చెప్పింది.

"దానికేం తెలుసు."

ఆకులు దూసి తాలింపులో వేసింది. ఇద్దరమూ తిన్నాము.